‘బాగుంది’ అనకుండా

హైదరాబాద్‌లో ఒక డిజైన్ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్ళకి పాఠాలు చెప్తాను. క్లాసులో నాది ఒకటే నియమం. ఎవరి పని గోడకి అంటించినా ‘బాగుంది’, ‘నచ్చలేదు’ అనే మాటలు వాడకూడదు. ఏం కనిపించిందో చెప్పాలి. మొదటి వారమంతా గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ రెండు మాటలూ తీసేస్తే మన దగ్గర ఎంత తక్కువ మిగులుతుందో అప్పుడే అందరికీ తెలుస్తుంది.

రెండో వారం ఇంటి నుంచి చెంబు తెమ్మంటాను. నవ్వుతారు. అప్పుడు ఈమ్స్ దంపతుల సంగతి చెప్తాను. 1958లో భారత ప్రభుత్వం అడిగితే ఛార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ మన దేశంలో తిరిగి ఒక నివేదిక రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ రావడానికి దారి వేసింది అదే. వాళ్ళు అందులో తెగ మెచ్చుకున్న వస్తువు మన చెంబు. ఎన్ని నీళ్ళు పట్టాలి, చంకన పెట్టుకుంటారా నెత్తిన పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, తోమడానికి వీలుగా ఉందా, దేనికైనా తగిలితే ఎలా మోగుతుంది... ఇలా ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. దీన్ని ఏ ఒక్క మనిషీ తయారు చెయ్యలేదనీ, తరతరాల చేతులు చేశాయనీ తేల్చారు.

మా వాళ్ళు కూడా ఒక గంట సేపు చెంబు పట్టుకుని ప్రశ్నలు రాస్తారు. జవాబులు అడగను. సాఫ్ట్‌వేర్ ఎవరైనా నేర్పుతారు, యూట్యూబ్ కూడా నేర్పుతుంది. వస్తువు ముందు కూర్చుని దాన్ని ప్రశ్న అడగడం మాత్రం పక్కన ఎవరో ఒకరు ఉండి అలవాటు చెయ్యాలి. నా జీతం అందుకేనని అనుకుంటాను.

చర్చ ఏ భాషలోనైనా చెయ్యొచ్చు. ఇంగ్లీషులో మొదలుపెడితే ‘మినిమల్’, ‘వైబ్’, ‘క్లీన్’ దగ్గర ఆగిపోతారు. సగం సెమిస్టర్ దాకా నోరు విప్పని నల్గొండ కుర్రాడు ఒకరోజు గోడ మీది పోస్టర్ చూసి, “అక్షరాలకి గాలాడ్తలేదు మేడమ్” అన్నాడు. ఖాళీ జాగా గురించి నేను చూపించిన ఇరవై స్లైడ్లలో ఉన్నది ఆ ఒక్క మాటే.

తెలుగుకి గాలి ఎక్కువే కావాలి. పైన గుడులూ ఎత్వాలూ ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. ఇంగ్లీషుకి సరిపోయే వరుసల దూరాన్నే తెలుగుకీ పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడిని ఢీకొడుతుంది. ద, ధ, థలకి తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. అక్షరం సన్నబడి, సైజు తగ్గితే అవే ముందు మాయమవుతాయి.

ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు. ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ కోసం షుగర్ మందుల కార్డు తయారు చేసింది. ఏ పూట ఏ మాత్రో తెలిపే కార్డు. సన్నటి, నాజూకైన అక్షరాలు. క్లాసంతా ముచ్చటపడింది. ఇంటికి పట్టుకెళ్ళి చదివించమన్నాను. మర్నాడు వచ్చి, “అమ్మమ్మ గడగడా చెప్పేసింది మేడమ్. కానీ చదవలేదు, గుర్తున్నది చెప్పింది” అంది. ‘మధ్యాహ్నం’లో వత్తులు వెళ్ళి కింద ఉన్న ‘రాత్రి’ గుడికి తగిలాయట. కాసేపాగి తనే అడిగింది: “రేపు డాక్టర్ మందు మారిస్తే?”

ఆ కార్డు ఏడుసార్లు మళ్ళీ వేసింది. ఏడోది మొదటిదాని కన్నా మోటుగా ఉంది. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో మాటా వేలు పెట్టి చదివిందట. నేను సగం మార్కులు పక్కన పడేసిన చిత్తు ప్రతులకే వేస్తాను. క్లాసులో వాటిని ‘చెత్త మార్కులు’ అంటారు. ఆ అమ్మాయికి చెత్త మార్కులు పూర్తిగా వచ్చాయి.

ఇదంతా ఏఐ చేసేస్తుంది కదా మేడమ్, అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. అది గీసే తెలుగు అక్షరాల్ని చూసి నవ్వుకోవడం సులువు. త్వరలో వత్తులు కూడా సరిగ్గానే పెడుతుందనుకుంటాను. అందుకే దాని చేతకానితనం మీద నేనేమీ కట్టుకోను. అమ్మమ్మ చదువుతోందా, గుర్తున్నది చెప్తోందా అని పక్కన కూర్చుని చూడాల్సిన మనిషి ఒకరుండాలి. తప్పు పోతే నాదీ పూచీ అనాల్సిన మనిషి కూడా.

అప్పు చేసి ఫీజు కట్టే తల్లిదండ్రులకి ఈ మాటలు చాలవని తెలుసు. ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. హామీ ఇవ్వలేనని మొహం మీదే చెప్తాను. ఫ్లెక్సీ షాపు నడిపే ఒక తండ్రి నా నియమం విని నవ్వాడు. “మా దగ్గర కస్టమర్ బాగుందంటే చాలు మేడమ్, పైసలొస్తయ్.”

“బోర్డు చదివేవాళ్ళని కూడా అడగాలి కదండీ.”

“వాళ్ళు పైసలియ్యరు కదా.”

నిజమే. ఆ మాటకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. డబ్బిచ్చేవాళ్ళు, చదివేవాళ్ళు వేరు వేరని తెలిసి, ఇద్దరి ముందూ నిలబడగలిగే వాళ్ళని బయటికి పంపాలని నా ప్రయత్నం. ఆయన కొడుకు ఇప్పుడు మూడో సంవత్సరం. సెలవుల్లో షాపులో కూర్చుంటాడు. బోర్డు కట్టాక రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడి చదువుకుని గానీ కస్టమర్‌కి బిల్లు ఇవ్వనివ్వడట. “టైమ్ వేస్ట్ చేస్తుండు మేడమ్” అని ఫోన్‌లో ఫిర్యాదు చేశాడు వాళ్ళ నాన్న.