గోడమీది వెన్నెల

బొమ్మ పెద్దదిగా ఉంటేనే ముద్దని పిల్లలంటారు. తేటగా ఉంటేనే ముద్దని పెద్దలంటారు. ఇంట్లోకి ప్రొజెక్టరు అడుగుపెట్టిన నాడు ఈ తగువు తీర్చడం ఎవరి తరమూ కాదు.

పాలకొల్లులో మా ఇంటికి ఆ పెట్టెను మా పెద్దవాడు తెచ్చాడు. మా అమ్మకు ఎనభై దాటాయి. సినిమాహాలుకు నడవలేదు. చూపు కూడా మందగించింది. టీవీలో మనుషులు చీమల్లా ఉన్నారంటూ దాని ముఖం చూడడమే మానేసింది. "మాయాబజార్ ఒక్కసారి గోడమీద చూపించండర్రా, కళ్లుండగానే" అంది. దాంతో మావాడి సరదా కాస్తా ఇంటిల్లిపాదికీ బాధ్యత అయి కూర్చుంది.

మొదట పెట్టెను పీటమీద పెట్టి మూతి పైకెత్తాడు. బొమ్మ కింద సన్నం, పైన వెడల్పు! మా క్షీరారామం గోపురాన్ని తలకిందులు చేసినట్టుంది. గోడ పైభాగం దూరమైన కొద్దీ వెలుగు అక్కడ ఎక్కువగా పరుచుకుంటుంది మరి. మీట నొక్కితే మూలలు సర్దుకుంటాయి, నిజమే. కాని అది బొమ్మను లోపల కుదించి చేసే సర్దుబాటు. పదును కొంత పోతుంది. బియ్యం డబ్బామీదికెక్కించి గోడకు తిన్నగా నిలిపేసరికి బొమ్మ తనంతట తానే చక్కబడింది.

తరువాత దూరం. 6 అడుగుల నుంచి 12 అడుగులకు జరిపితే బొమ్మ వెడల్పు రెట్టింపు, వైశాల్యం 4 రెట్లు. దీపం మాత్రం అదే! చారులో నీళ్లు పోసినట్టు వెలుగు నాలుగో వంతుకు పలచబడుతుంది. మావాడు గోడంతా నింపాడు. "పెద్దగానే ఉంది గాని నాయనా, అందరూ పొగలో ఉన్నారు" అంది అమ్మ.

ఇక ఆకారం. 1957 నాటి మాయాబజార్ బొమ్మ 4 పాళ్ల వెడల్పు, 3 పాళ్ల ఎత్తు. ఈ పెట్టెది 16కు 9. అందుచేత ఇరుపక్కలా ఖాళీ మిగులుతుంది. (1974లో వచ్చిన మన తొలి సినిమాస్కోపు చిత్రం అల్లూరి సీతారామరాజుకైతే ఆ ఖాళీ పైనా కిందా ఉంటుంది.) చోటు వృథా పోతోందని మా చిన్నవాడు బొమ్మను సాగదీశాడు. అందరూ మూడో వంతు లావెక్కారు!

"రంగారావు భారీ మనిషే, కాదనను. మన అల్లు రామలింగయ్యకు ఆ బుగ్గలేమిట్రా?" అంది అమ్మ. ఆయన ఈ ఊరివాడు. ఆ ముఖం సంగతి పాలకొల్లు వాళ్లకు వేరే చెప్పాలా? పోనీ, సాగదీయకుండా పెద్దది చేద్దామంటే ఘటోత్కచుడి కిరీటం ఎగిరిపోయింది. చివరికి ఖాళీని ఖాళీగానే వదిలేశాం.

మిగిలింది చీకటి. ప్రొజెక్టరు వెలుగునే వేయగలదు గాని నలుపును వేయలేదు. గదిలో దీపం వెలుగుతున్నంతసేపూ బొమ్మలోని నలుపు కూడా వెలవెలబోతూనే ఉంటుంది. కిటికీలకు దుప్పట్లు కట్టి, దీపాలార్పి, పేర్లు పడేటప్పుడు అక్షరాల అంచులు చూసుకుంటూ లెన్సు తిప్పాం. అప్పుడు గాని మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల మా గోడమీదికి దిగలేదు.

బొమ్మ వెడల్పు 5 అడుగులకు తగ్గింది. బదులుగా అమ్మ కుర్చీని ముందుకు జరిపాం. పడవ పాట వచ్చింది. అమ్మ మాట్లాడలేదు. చాలాసేపటికి, "సావిత్రి కళ్లు కనిపిస్తున్నాయిరా" అంది.

మా చిన్నవాడు గోడకేసి కాదు, మామ్మకేసి చూస్తున్నాడు. ఆ రాత్రి వాడు మళ్లీ మీటలు ముట్టుకోలేదు. వచ్చే ఆదివారం గుండమ్మ కథ అట. అమ్మ అప్పుడే కళ్లద్దాలు తుడుచుకుంటోంది.