మూడు ఊళ్ల కాఫీ

మదరసా పనిమీద ఇటీవల మూడు పట్టణాలకు వెళ్లాము. కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డలోని గద్వాల మా తొలి మజిలీ. అక్కడ మాకు ఆతిథ్యమిచ్చిన ఇంట ఇత్తడి ఫిల్టరులో డికాక్షను దించారు. వేడినీరు పొడిగుండా చుక్కచుక్కగా దిగడం వల్ల అది చిక్కగా ఉన్నా నాలుకకు మెత్తగా తగిలింది. కృష్ణ దాటి వనపర్తి చేరాము. అక్కడ పొడిని పాలలోనే కాచి వడగట్టారు. పాల కమ్మదనం ముందు కాఫీ పరిమళం తగ్గింది.

నాగర్‌కర్నూలు చేరేసరికి ఇషా వేళ దాటింది. ఒక వృద్ధురాలు నీటిలో మరిగించిన కాఫీ ఇచ్చారు. పొడి ఎక్కువసేపు మరిగితే అందులోని చేదు నీటిలోకి దిగుతుంది. “చేదెక్కిందమ్మా” అనేశాము. ఆమె ముఖం చిన్నబోయింది.

“మీరొస్తారని మగ్రిబ్ నుండి సెగమీదే ఉంచాను, మౌలానా సాబ్.”

మేము సిగ్గుపడ్డాము. దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని పిల్లలకు బోధించేది మేమే కదా! 15వ శతాబ్దంలో యెమన్ సూఫీలు రాత్రి ఆరాధనలో మెలకువగా ఉండేందుకు కాఫీ తాగేవారు. ఈ తల్లి మా కోసం మెలకువగా ఉన్నారు. ఆ చేదు ఆమె చేతిది కాదు, మా ఆలస్యానిది. మరో కప్పు అడిగి తాగాము.