అమ్మ చూడని సముద్రం

కార్తీకమాసంలో ఏటా ఒక ఆదివారం టెక్కలి నుంచి భావనపాడు సముద్రానికి పిక్నిక్‌కి వెళ్లేవాళ్లం. నాన్న, బాబాయిలు కెరటాల్లో స్నానాలు చేసి, సరుగుడు చెట్ల కింద పేకాడేవారు. అమ్మ, పిన్ని సముద్రానికి వీపు పెట్టి పొయ్యి ఊదేవారు. వంటగది ఇసకలోకి మారేది, అంతే. చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని నడిచే మత్స్యకార స్త్రీలకి అదీ పనిదినమే.

2023లో పక్కనే మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. తీరం మారకముందే అమ్మని తీసుకెళ్లాను. భోజనం హోటల్లో కట్టించాను. చేతులు ఖాళీగా ఉంటే అమ్మకి తోచలేదు. చాలాసేపటికి నీళ్లలో పాదాలు పెట్టి, "ఇంత పెద్దదేటే ఇది!" అంది.

ముప్ఫయ్యేళ్లు అక్కడికి వచ్చిన మనిషి ఆ మాట అంటే, మా సెలవులన్నీ ఎవరివో అప్పుడు తెలిసింది.