ఓమియా తోటలో పైన్ బెరడు

టోక్యోకు ఉత్తరాన, రైలులో అరగంట దూరంలో, సైతామా నగరంలో ఓమియా బోన్సాయ్ గ్రామముంది. 1923 భూకంపం టోక్యోను కూల్చిన తరువాత, కుండీలలో చెట్లు పెంచేవారు కొందరు మంచి మట్టి, నీరు, గాలి వెదుక్కుంటూ 1925లో ఇక్కడికి వచ్చారు. మోకాలెత్తు లేని చెట్లలో కొన్నిటి వయసు వందల ఏండ్లు!

మేము ఎక్కువసేపు నిలిచింది ఒక నల్ల పైన్ దగ్గర. బెరడంతా పెచ్చులు లేచి ఉంది. చూడగానే తెగులనిపిస్తుంది గాని, అది వయసు తెచ్చిన అందం. దానిని గోకి శుభ్రం చేయరు; ఊడితే తిరిగి రావడానికి ఏండ్లు పడుతుంది. అసలు దెబ్బకు గుర్తులు వేరు. బెరడు ఒకచోట గుంటపడి మెత్తబడుతుంది. లేదా సన్నని రంధ్రం నుండి పొట్టు రాలి, బంక కారుతుంది. మామిడి కాండం తొలిచే పురుగును మన రైతులు కనిపెట్టేదీ ఆ పొట్టును చూచే కదా! కొమ్మ వంచడానికి చుట్టిన తీగను సకాలంలో విప్పకపోతే, మెలికలుగా గాడి పడుతుంది.

అనుమానమున్న సన్న కొమ్మను గోటితో కొద్దిగా గీచి చూస్తారు. లోపల తడిగా, లేతపచ్చగా ఉంటే ప్రాణమున్నట్టే. గోధుమరంగులో ఎండి ఉంటే ఆ కొమ్మ పోయినట్టే. ఆకును మాత్రం నమ్మరాదు. పైన్ చెట్టు చచ్చిన తరువాత కూడా కొన్ని వారాలు పచ్చగానే కనబడుతుంది.

పక్కనే ఒక జూనిపర్ చెట్టు మొద్దుపై, కావాలనే బెరడు ఒలిచిన తెల్లని చారిక ఉంది. దానిని 'షారి' అంటారు. మిగిలిన బెరడు పట్టీయే పైకొమ్మలను పోషిస్తుంది. ఆ పట్టీ ఎండితే దాని మీది కొమ్మా ఎండుతుంది.