సువాసనల రేవు

హాంకాంగు అనగా చీనా భాషలో సువాసనల రేవని యర్థమట. మాకు తొలుత సోకినవి మాత్రము ఉప్పుగాలియు, నూనెపొగయు. 1842లో నాన్‌కింగు సంధి మూలమున ఆంగ్లేయుల వశమై, 1997వ సంవత్సరము జూలై 1వ తేదీన మరల చీనాకు దక్కిన దీవి యిది.

కౌలూన్ గట్టున 1915 నాటి గడియార స్తంభము చెంత స్టార్ ఫెర్రీ యను పడవ నెక్కితిమి. ఈ పడవల సంఘమును 1888లో స్థాపించినవాడు బొంబాయినుండి వెడలిన పారసీ వర్తకుడు దొరాబ్జీ నౌరోజీ యని తెలిసి మేము ముచ్చటపడితిమి. ఈ పడవకు ముందు వెనుకలు లేవు. వచ్చినది వచ్చినట్లే తిరిగి పోవును. కనుక జనులు బల్లల వీపులను అటునుండి యిటు త్రోసి, పోవు దిక్కునకు మొగమై కూర్చుందురు. కుదురుగా కూర్చుంటిమో లేదో, ఆవలి గట్టు వచ్చినది.

అంత చిన్నదా యీ సముద్రము? కాదు, మనుష్యులే దానిని పూడ్చి కుదించిరి. నూటయెనుబది యేండ్ల క్రిందట కడలి యంచున వేసిన క్వీన్స్ రోడ్డు నేడు నగరము నడిబొడ్డున నున్నది; అక్కడినుండి చూచిన నీటిచుక్కైనను కానరాదు. పడవల రేవును సైతము 2006లో ఇంకను ముందునకు జరిపిరి. యౌ మా తే పేటలో తిన్ హౌ అను దేవత గుడి యున్నది. మన కోస్తా పల్లెకారులకు గంగమ్మ యెట్లో, అచ్చటి జాలరులకు ఈమె యట్లు. ఒకప్పుడు నీటి యొడ్డున నుండిన ఆ తల్లి నేడు నలువైపుల మేడల నడుమ, ధూపపు చుట్టల పొగలో కూర్చుండియున్నది.

సోదరీమణులారా, ఇవన్నియు నొక యెత్తు, ఆదివారమునాడు సెంట్రల్ అను పేటలో మేము చూచినది యొక యెత్తు. పెద్ద బ్యాంకి భవనము క్రింద, చేటర్ రోడ్డు పొడుగునను అట్టపెట్టెలు పరచుకొని వేలాది స్త్రీలు నేలపై కూర్చుండిరి. కొందరు అన్నము పంచుకొనుచుండిరి, కొందరు జడలల్లుచుండిరి, కొందరు ఇండ్లకు పంపవలసిన సామగ్రిని పెట్టెలలో కుక్కి త్రాళ్లు బిగించుచుండిరి. జాతర కాబోలునని మేమనుకొంటిమి. వీరు ఫిలిప్పీను దేశమునుండి ఇంటిపనులకు వచ్చినవారు. ఇండోనేషియా వారితో కలిపి ఇట్టివారు ఆ నగరమున మూడు లక్షలకు పైబడియున్నారు. వారమున కొకనాడు సెలవీయవలెనని చట్టము. యజమాని యింటనే నివసింపవలెననియు నిబంధనయే. ఆ యిండ్లా పిచ్చుకగూళ్లు! ఇక సెలవుదినమున కాళ్లు చాపుకొనుటకు వీధి తప్ప వేరుచోటేది?

మేము పలుకరింపగా ఒకామె అట్టముక్కను కొంచెము జరిపి మాకు చోటిచ్చెను. ఇద్దరు బిడ్డలను తల్లికి వదలి వచ్చెనట. తన బిడ్డల ఛాయాచిత్రములను ఫోనులో చూపి, వెంటనే తాను పెంచుచున్న చీనా పసివాని చిత్రమునుగూడ అంతే మురిపెముగా చూపెను. గోదావరి, కడప సీమలనుండి కువైటునకు పోయిన మన యాడబిడ్డలు మాకు జ్ఞప్తికి వచ్చిరి. వారికిట్టి వీధియైనను కలదో లేదో!

ప్రొద్దు వాలుసరికి ఆమె అట్టను నాలుగు మడతలు పెట్టి, చంకనిడుకొని లేచెను. పసివానికి పాలుపట్టు వేళయైనదట.