రెండు వేళ్ల కొలత

మా నాయనమ్మ మడమ మీద బొబ్బ లేపింది నేనే. వైద్యం చేస్తున్నాననే అనుకున్నాను. అప్పటికి చైనాలో ఎంబీబీఎస్ నాలుగో ఏడు పూర్తయింది. కోటు జేబులో స్టెతస్కోపు, సూట్‌కేసులో తెల్ల కాగితం చుట్టిన మూలికా కడ్డీలు, బుర్రలో కావలసినంత నమ్మకం.

నేను చదివింది హ్యూబే ప్రావిన్సులో. అక్కడ విదేశీ విద్యార్థులకు కూడా చైనా సంప్రదాయ వైద్యం ఒక సబ్జెక్టు. ఆ పోస్టింగులో ఒక పొద్దున పక్షవాతం రోగుల వార్డులోకి అడుగుపెట్టగానే గుప్పుమని వాసన. తెలిసిన వాసనే. వినాయక చవితి పూజలో ఇరవై ఒక్క పత్రుల్లో మొదట వచ్చే మాచిపత్రిని నలిపితే వచ్చే ఘాటుకు పొగ తోడైనట్టుంది. తర్వాత తెలిసింది, వాళ్లు ‘ఆయ్’ అనే ఆ మొక్క మన మాచిపత్రికి దగ్గరి చుట్టమని.

మంచం మీద డెబ్బై దాటిన తాత ఒకాయన ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. నడుం చివర ఐదు రూపాయల బిళ్లంత పడక పుండు. అక్కడ పెద్ద నర్సును కూడా మేం ‘లావోషీ’ అనే పిలుస్తాం, అంటే టీచర్ అని. ఆవిడ పుండును సెలైన్‌తో కడిగి, బొటనవేలంత లావు కడ్డీ ఒకటి ముట్టించింది. మంట లేదు, కణకణలాడే కొస మాత్రమే. దాన్ని చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని పుండు అంచు చుట్టూ మెల్లగా తిప్పింది. బూడిద పేరుకోగానే గిన్నెలో రాల్చేది. అలా పావుగంట. ఆ తర్వాత డ్రెస్సింగ్.

నా కళ్లన్నీ ఆ నిప్పు మీదే ఉన్నాయి. ఆ మూలిక కథ నన్ను అంతగా పట్టేసింది. ఎండిన ఆకును ఏళ్ల తరబడి నిల్వ చేసి, దంచి, జల్లించి, దూదిలా చేసి కడ్డీలు చుడతారు. పాత ఆకయితే వేడి మెత్తగా తగులుతుందంటారు. చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయిలో ఒక సమాధిలో 1973లో బయటపడ్డ పట్టు రాతప్రతుల్లోనే ఈ వైద్యం ఉంది. ఆ సమాధి మూసింది క్రీ.పూ. 168లో. మందుమొక్కల మీద మహాగ్రంథం రాసిన లీ షిజెన్ పుట్టింది హ్యూబేలోని చీచున్‌లో. ఆ ఊరి ఆయ్ ఆకుకు ఇప్పటికీ పేరు. సూదుల వైద్యాన్నీ ఈ నిప్పు వైద్యాన్నీ కలిపి 2010లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత చరిత్ర ఉన్నది ఉత్తదే అవుతుందా అనుకుని, సెలవులకు వస్తూ రెండు పెట్టెలు కొన్నాను.

తెనాలి దగ్గర మా ఊళ్లో నాయనమ్మ తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, రెండు నెలలుగా మంచంలో ఉంది. షుగరు ఇరవై ఏళ్లుగా ఉంది. కుడి మడమ వెనక చర్మం ఊడి రూపాయి బిళ్లంత పుండు. కడ్డీ ముట్టిస్తే ఆవిడ ముఖం వెలిగింది.

“వినాయకుడి పత్రి వాసనరా అయ్యా! కాపడం పెడతావా?”

“అంతకంటే మంచిదే నాయనమ్మా. వేడి తెలుస్తోందా?”

“లేదయ్యా. ఇంకొంచెం దగ్గర పెట్టు.”

పెట్టాను. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే మాట. సాయంత్రానికి పుండు పక్కన నీళ్లు నిండిన బొబ్బ తేలింది. అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. “చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచొచ్చే మనిషిరా మీ నాయనమ్మ! ఆవిడ్ని అడుగుతావా, కాలుతోందా అని?”

షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుందని, అలాంటి కాలికి కాపడం తగదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పరాయి మూలిక దొరికిన సంబరంలో సొంత పాఠం మరిచిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక లావోషీ చేతులు గుర్తు చేసుకున్నాను. కుడి చేతిలో కడ్డీ. మరి ఎడమ చెయ్యి? చూపుడు వేలూ మధ్య వేలూ విడదీసి, పుండుకు అటూ ఇటూ ఆ తాత చర్మం మీద ఆనించి ఉంచింది. పావుగంటా తియ్యలేదు. ఆయనకు స్పర్శ లేదు కాబట్టి ఆ వేడి తన వేళ్లకు తెలియాలి. వేళ్లు చురుక్కుమనగానే కడ్డీ పైకి లేచేది. స్పర్శ లేని రోగి దగ్గర ఈ వైద్యంలో అది మామూలు పద్ధతే. నేను నిప్పును తెచ్చుకున్నాను కానీ, దానికి కాపలా ఉన్న రెండు వేళ్లను అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ తాత మంచానికి ఒక అట్ట వేలాడేది. ఎడమ, వెల్లకిల, కుడి. పక్కన గంటలు, సంతకాలు. రోగిని ఎప్పుడు ఎటు తిప్పారో రాసే అట్ట. రోజూ దాని పక్కనే నిలబడి పొగ చూశాను తప్ప ఒక్కసారీ చదవలేదు.

పడక పుండు పుట్టేది ఒత్తిడి వల్ల. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక చచ్చుబడుతుంది. ఆ ఒత్తిడి తీయకుండా పైన ఏం చేసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల బాధ్యత తీసుకున్న లుడ్విగ్ గుట్‌మన్ పగలూ రాత్రీ రెండు గంటలకోసారి వాళ్లను పక్కకు తిప్పించేవాడు. అప్పటిదాకా చావు తప్పదనుకున్నవాళ్లు బతికి బట్టకట్టడంలో ఆ తిప్పడానికి పెద్ద వాటా ఉంది.

వేడి వెర్రి చైనాకే లేదు. పుండును లైటు వేడికి ఆరబెట్టడం ఒకప్పుడు మన ఆసుపత్రుల్లోనూ పడమటి దేశాల్లోనూ ఉన్నదే. తడిగా కప్పి ఉంచిన గాయమే త్వరగా మానుతుందని 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చూపించాక ఆ నమ్మకం సడలుతూ వచ్చింది. ఆయ్ పొగతో పడక పుండ్లు మానాయని చెప్పే అధ్యయనాలు చైనాలో ఉన్నాయి. చాలావరకు చిన్నవి, పకడ్బందీగా చేసినవి కావు. పైగా వాటిలో రోగులకు మామూలు సేవలూ అందుతూనే ఉంటాయి. ఆ తాత పుండు తగ్గుముఖం పట్టడం నేను చూశాను. నిప్పు వల్లనా, అట్ట వల్లనా అంటే నేను అట్ట వైపే మొగ్గుతాను.

మర్నాడే నాయనమ్మను గుంటూరు తీసుకెళ్లాం. సర్జన్ పాదంలో నాడి చూసి, బొబ్బకూ పుండుకూ డ్రెస్సింగ్ చేసి, పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో తేలేలా ఉంచమన్నాడు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథుల పక్కనే అమ్మ పెన్సిలుతో ‘ఎ’, ‘కు’, ‘వె’ అని రాయడం మొదలుపెట్టింది. అర్ధరాత్రి వంతులు నావి. పక్కకు తిప్పినప్పుడల్లా దిండు సర్ది, మడమ కింద రెండు వేళ్లు దూర్చి చూసేవాణ్ణి. వేళ్లు సులువుగా దూరాయంటే మడమ పరుపుకు ఆనలేదన్నమాట.

సెలవులయ్యేసరికి బొబ్బ ఎండిపోయింది. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. చవితి నాటికి నేను మళ్లీ హ్యూబేలో ఉన్నాను. వీడియో కాల్‌లో నాయనమ్మ మాచిపత్రి రెమ్మ వాసన చూసి నవ్వింది. “ఒరే, నీ కడ్డీలు ఇంకా అటక మీదే ఉన్నాయి. దోమలకు ముట్టించమంటావా?”

“ముట్టించు నాయనమ్మా,” అన్నాను. “కాళ్లకు దూరంగా.”