పెబ్బేరులో జారిన ఒత్తు

పెబ్బేరు అనే ఊరి పేరును ఇంగ్లీషు టైపు మిషన్ మీద కొడుతూ ఒక ‘బి’ వదిలేస్తే, తర్వాత ఇరికించడానికి చోటుండదు. ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి. చెయ్యి తిరిగిన టైపిస్టులు దానికీ ఉపాయం పట్టారు. మాటంతా చెరిపి, ఒక్కో అక్షరానికీ బండిని (క్యారేజీని) అరగడి వెనక్కి పట్టుకుని మళ్లీ కొట్టేవారు. మాటకు రెండు పక్కలా ఖాళీ సగానికి తగ్గేది, ఏడక్షరాలూ పట్టేవి.

తెలుగు మిషన్ మీద అదే పొరపాటు ‘పెబేరు’ అవుతుంది. ఇక్కడ లిపే టైపిస్టును ఆదుకుంటుంది. ఒత్తు పడాల్సింది ‘బ’ కింద, ఆ చోటు ఖాళీగానే ఉంది. బండిని వెనక్కి జరిపి ఒత్తు కొడితే సరిపోతుంది. అక్కర్లేని ఒత్తు పడితేనే అసలు కష్టం: పై అక్షరం చెదరకుండా కిందిదాన్ని మాత్రమే చెరపాలి.

చెరపడం దానికదే ఒక విద్య. ముందు బండిని పూర్తిగా ఒక పక్కకు తోయాలి, లేకపోతే రబ్బరు పొడి టైపుల మధ్య పడుతుంది. కార్బన్ కాపీలుంటే ఒక్కో కార్బన్ వెనక చీటీ పెట్టి, ఒక్కో కాగితాన్నీ విడిగా రుద్దాలి. తర్వాత చీటీలు తీయడం మరిచి అక్షరం కొడితే, కాపీలో అది పడనే పడదు. గట్టిగా రుద్దితే చిల్లు. అఫిడవిట్ అయితే దిద్దిన ప్రతిచోటా పొడి సంతకం కావాలి.

డల్లాస్‌లో బ్యాంకు సెక్రటరీ బెట్ నెస్మిత్ గ్రాహమ్‌దీ ఇదే బాధ. 1950లలో ఎలక్ట్రిక్ మిషన్ల కార్బన్ రిబ్బన్ అచ్చు రబ్బరుకు లొంగలేదు. ఆమె తెల్ల టెంపరా రంగును సీసాలో పోసుకుని, సన్న కుంచెతో తప్పుల మీద పూసింది. అదే ‘లిక్విడ్ పేపర్’ అయింది. 1979లో జిల్లెట్ కంపెనీ దాన్ని 4.75 కోట్ల డాలర్లకు కొన్నది. ఒక టైపిస్టు కష్టానికి అంత విలువ దక్కడం ఎంతో న్యాయం.

మన దగ్గర గోద్రెజ్ 1955లో మొదలుపెట్టిన టైపు మిషన్ల తయారీ 2009లో ఆగింది. పెబ్బేరు 2016లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. కాగితాల మీద జిల్లా పేరు మారేనాటికి టైపు పనంతా కంప్యూటర్ల మీదే సాగుతోంది. పాత టైపు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మాత్రం, రబ్బరు తగిలినచోట పలచబడ్డ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.